పటేల్ ఎర్ర కారు మీద సాయిలు రాసిన పేరు

నేను డాక్టరును కాను. బాన్సువాడలో ఒక ధర్మాసుపత్రికి మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాను. ఈ మధ్య నా కుర్చీలోకి వచ్చిన అమ్మాయి "ఇక్కడ మేనేజరంటే అసలు ఏం చేయాలి సార్?" అని అడిగింది. నిధుల సేకరణ మీద ఏదో కోర్సు చదివి వచ్చింది. ల్యాప్‌టాప్‌లో రంగురంగుల పటాలు చూపించింది. మంచిదే. "ఇచ్చేవాళ్ళు ఇస్తుంటే తీసుకోవడమమ్మా, అంతే" అన్నాను. పెద్దాయన ఏదో అంటున్నాడులే అన్నట్టు నవ్వి ఊరుకుంది.

ఆమె కోసమే ఇది రాస్తున్నాను. దానం అడగడం మీకు కోర్సులో నేర్పుతారు. తీసుకోవడం ఎవరూ నేర్పరు. చేయి చాపితే సరిపోయే పని కదా అనుకుంటారు. కాదు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క పని నేర్చుకోవడానికే సరిపోయింది. జీతాలు, ఆడిట్లు, తనిఖీలు ఇక్కడ రాయను. అవి ఏ ఆఫీసులోనైనా ఒకటే.

చాయ్ ముందు, రసీదు తర్వాత

ఆసుపత్రి పెట్టింది ఒక కాన్పుల డాక్టరమ్మ. మనసు వెన్న, నోరు మాత్రం పచ్చిమిరపకాయ. నేను చేరిన కొత్తలో, వడ్ల కోతలప్పుడు, కోటగిరి వైపు రైతు ఒకాయన ట్రాక్టరు మీద వడ్ల బస్తాలు తెచ్చాడు. డాక్టరమ్మ పేషెంట్ల వరస వదిలిపెట్టి బయటికి వచ్చింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. చాయ్ తెప్పించింది. ఆయన సగం తాగాక అడిగింది, "ఎవరి కోసం ఇస్తున్నవ్ పెద్దాయనా?"

ఆయన గ్లాసు కింద పెట్టాడు. కూతురికి ఇక్కడే కాన్పయిందనీ, బిడ్డ దక్కలేదు గానీ కూతురు దక్కిందనీ చెప్పాడు. అంతా విన్నాక గానీ ఆమె బస్తాలు దించనివ్వలేదు. ఆయన వెళ్ళాక నా వైపు తిరిగింది. "చూసినవా? వడ్లు దించుకునుడు హమాలీ గూడ చేస్తడు. గా మాట దించుకునుడే మన పని."

అంతకంటే మంచి పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. ఆమెకు ఈ జన్మలో బాకీ తీర్చలేను.

జుక్కల్ ఎడ్లు

డాక్టరమ్మ వయసు పైబడి, ఆసుపత్రి ట్రస్టు పనులు కొత్త చైర్మన్ గారికి అప్పగించింది. చైర్మన్ గారు చెడ్డవాడు కాడు. ఉన్నమాట చెప్పాలంటే, ఆయనకు ఆసుపత్రి కంటే ప్రారంభోత్సవాలంటే ఇష్టం. రిబ్బను కనిపిస్తే చాలు, ఆయన చేయి కత్తెర కోసం వెతుక్కునేది.

ఆయన వచ్చిన కొత్తలో జుక్కల్ నుంచి తుకారాం అనే రైతు తన ఎడ్ల జతను తోలుకొచ్చి ఇచ్చాడు. భార్య ప్రాణాపాయం నుంచి బయటపడితే ఇస్తానని మొక్కుకున్నాడట. ఆసుపత్రికి ఎడ్లెందుకు? చైర్మన్ గారు వాటిని పశువుల అంగడికి పంపించేశారు. అది సరైన పనే. కానీ తుకారాంకు ఒక్క మాట చెప్పలేదు.

తర్వాతి వారం తుకారాం పచ్చగడ్డి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. "బైల్ కుఠే ఆహేత్?" అని మరాఠీలో అడిగాడు, ఎడ్లెక్కడున్నాయని. అమ్మేశామని చెప్పాను. ఆయన కోప్పడలేదు. మోపు దించి, గోడ పక్కన పెట్టి, "మంచిదే, మంచిదే" అంటూ నిలబడ్డాడు. వెళ్ళమంటే వెళ్ళబుద్ధి కాదు, ఉండమంటే పని లేదు. నాకు ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

రసీదు రాసేసరికి వస్తువు మనదైపోయిందని మనం అనుకుంటాం. ఇచ్చినవాడికి ఇంకా కొన్నాళ్ళు అది వాడిదే. అమ్మాల్సి వస్తే, ఇస్తున్నప్పుడే కూర్చోబెట్టి ఆ మాట చెప్పండి. అప్పటి నుంచి నేను చెప్పకుండా ఏదీ అమ్మలేదు.

పేరు లేని వస్తువు లేదు

మా ఆసుపత్రిలో పేరు లేని వస్తువు ఉండదు. బెంచీల మీద, స్ట్రెచర్ల మీద, సెలైన్ సీసా వేలాడదీసే కడ్డీల మీద కూడా పేర్లే. అన్నిటికంటే ఎక్కువగా ఫ్యాన్ రెక్కల మీద. ఫ్యాన్ తిరుగుతుంటే పేరు కనిపించదు కదా అని నేనోసారి అంటే డాక్టరమ్మ, "కరెంటు పోతది గద, అప్పుడు చదువుకుంటరు" అంది.

ఆ పేర్లన్నీ రాసేది పెయింటర్ సాయిలు. ట్రాక్టర్ ట్రాలీలకు, దుకాణాల బోర్డులకు రంగులు వేసేవాడు. మా పని మాత్రం ఉచితంగా చేసేవాడు, అదే తన దానమని. రాసి రాసి విసుగొచ్చి ఒక రేకు మీద అచ్చు కోసి పెట్టుకున్నాడు. ముందు "కీ.శే.", చివర "గారి జ్ఞాపకార్థం". మధ్యలో ఖాళీ. అచ్చు పెట్టి, రంగు కొట్టి, మధ్యలో పేరు చేత్తో రాసేవాడు. ఎందుకంటే మా దగ్గర అందరూ పోయినవాళ్ళ పేరు మీదే ఇస్తారు. బతికున్న మనిషి తన పేరు తాను రాయించుకోవడం మా వైపు సిగ్గుపడే పని.

ఇచ్చినవాళ్ళు మర్నాడు చుట్టాలను వెంటబెట్టుకుని చూడటానికి వస్తారని చైర్మన్ గారు ఒక కట్టుబాటు పెట్టారు. గేటు లోపలికి ఏ వస్తువు వచ్చినా తెల్లారేసరికి దాని మీద పేరు ఉండాలి. ఏళ్ళ తరబడి అలాగే జరిగింది. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఎర్ర కారు

విఠల్ పటేల్‌ది రైస్ మిల్లు. మనిషికి తిండి పిచ్చి లేదు, బట్టల పిచ్చి లేదు, ఉన్నదల్లా కార్ల పిచ్చి. ముంబయిలో ఎవరి దగ్గరో ఒక విదేశీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఎర్రటిది, రెండే సీట్లు, నేలకు జానెడు ఎత్తు. ఆ రకం కారును కంపెనీ కొన్నాళ్ళు చేసి ఆపేసిందట. అలాంటివి పాతబడేకొద్దీ ధర పెరుగుతుందనీ, వాటిని సేకరించి దాచుకునేవాళ్ళు ఉంటారనీ నాకు అప్పటిదాకా తెలియదు.

గంటలో ఎంత దూరమైనా పోగలిగే ఆ కారు మన రోడ్ల మీద స్పీడ్ బ్రేకరు దాటలేకపోయేది. కారు అడుగుభాగం తగిలేది. అందుకని పటేల్ నిజాంసాగర్ వైపు కారు తీస్తే, మిల్లు హమాలీలు ముందొక ఆటోలో చెక్క పలకలు వేసుకుని పోయేవాళ్ళు. స్పీడ్ బ్రేకరు రాగానే పలకలు పరిచేవాళ్ళు, కారు దాటగానే ఎత్తుకుని మళ్ళీ ముందుకు ఉరికేవాళ్ళు. రోడ్డు మీద వడ్లు ఆరబోసిన ఆడవాళ్ళు ఆ చప్పుడు వినగానే "పటేల్ విమానం వస్తుంది" అని నవ్వుకుంటూ వడ్లు పక్కకు లాగేవాళ్ళు. ఆయన భార్య సుగుణక్క ఒక్కసారే ఎక్కింది. "దాంట్ల ఎక్కుడు అల్కగనే ఉన్నది గని, దిగుడే కష్టం. ఇద్దరు లాగిన్రు నన్ను" అని చెప్పేది.

తర్వాత పటేల్ మూత్రపిండాలు చెడిపోయాయి. అప్పట్లో మా ఊళ్ళో డయాలసిస్ లేదు. వారానికి మూడుసార్లు జీపులో నిజామాబాద్ వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుని వచ్చేవాడు. కారు మిల్లు గోదాంలో టార్పాలిన్ కింద ఉండిపోయింది.

ఒకరోజు నా ఆఫీసుకు వచ్చాడు. మనిషి సగమైపోయాడు. కూర్చోబెట్టాను. చాయ్ తెప్పించాను. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. "దినమంత నీళ్ళైన కొలిచి తాగాలె రాజేశం. ఏమనుకోకు" అన్నాడు.

"అయ్యో, దానికేముంది పటేలా."

"నా ఎర్ర బండి ఇస్త. తీస్కుంటరా?"

డాక్టరమ్మ నేర్పిన ప్రశ్న అలవాటుగా నోటికి వచ్చేసింది. "ఎవరి కోసం పటేలా?"

"గంగామణి కోసం" అన్నాడు.

గంగామణి బీడీలు చుట్టే మనిషి. ఆమెకూ అదే జబ్బు. నిజామాబాద్ బస్సు కోసం బస్టాండులో నిలబడుతుంటే పటేల్ చూసి, వెళ్ళేది అక్కడికే కదా అని జీపులో ఎక్కించుకోవడం మొదలుపెట్టాడు.

"మొన్న బస్టాండ్ కాడ ఆపితే లేదు. ఇంటికి పోయిన. మొఖమంత ఉబ్బి పండుకొని ఉన్నది. ఏందక్కా, ఎందుకు రాలే అంటే ఏమన్నదో ఎర్కేనా? 'నిజామాబాద్ పోయిన దినం బీడీలు బందయితయి పటేలా. వారంల మూడు దినాలు బీడీలు బందయితే, నేను బతికి మాత్రం ఏం జేస్త?' అన్నది. నా జీపుల కూసోబెట్టుకొని తీస్కపోతేనే గిట్లున్నది. ఇగ బస్సుల్ల నిలబడి పోయేటోళ్ళ సంగతేంది? ఊళ్ళనే మిషిని ఉంటే పొద్దుగాల పోయి, మధ్యానానికల్ల ఇంట్ల కూసొని బీడీలు చేసుకుంటది. నాకు గా బండి ఇప్పుడేం పని?"

నాకు తుకారాం గడ్డిమోపు గుర్తొచ్చింది. "పటేలా, బండిని మేం అమ్మాల్సి ఉంటది. చూడాలనిపించి వస్తే ఇక్కడ ఉండదు. అది మీకు సమ్మతమేనా?"

"అమ్మురి. ఉంచుకొని ఏం జేస్తరు, అంబులెన్సా? పేషెంటును పండబెడితే కాళ్ళు రోడ్డు మీదికి వస్తయి."

చైర్మన్ గారికి మాత్రం కారును కొన్నాళ్ళు ఆసుపత్రి ముందు నిలబెట్టాలని ఉండింది. రిబ్బను, ఫోటోలు. గంగామణి ఇంకో రెండు దఫాలు నిజామాబాద్ ఎగ్గొట్టిందని తెలిశాక నేను ఆయన మాట కోసం ఆగలేదు. హైదరాబాదులో పాత కార్లు సేకరించే ఒకాయన దొరికాడు. ఫోటోలు చూశాడు, ఫోన్లో బేరం కుదిరింది. ఆ ధరకు నీళ్ళు శుద్ధి చేసే ప్లాంటు, రెండు మిషన్లు, రెండు మంచాలు వస్తాయి. ఒక మంచం గంగామణి లాంటి వాళ్ళకు, ఒకటి పటేల్‌కు అని నేను మనసులోనే గది సర్దేసుకున్నాను.

పసుపు అక్షరాలు

కొనేవాయన వచ్చే ముందురోజు హమాలీలు పలకలు పరుచుకుంటూ కారును ఆసుపత్రి ఆవరణలోకి తెచ్చారు. మర్నాడు పొద్దున నేను ఆయన్ని బస్టాండు దగ్గర కలుసుకుని వెంటబెట్టుకుని వచ్చేసరికి, సాయిలు రంగు డబ్బా పక్కన పెట్టుకుని కారు ముందు నిలబడి ఉన్నాడు. పని బాగా కుదిరినప్పుడు నిలబడే తీరు అది.

ఎర్ర తలుపు నిండా పసుపు ఎనామిల్ రంగుతో ఉంది: "కీ.శే. విఠల్ పటేల్ గారి జ్ఞాపకార్థం."

గేటు లోపలికి వస్తువు వచ్చింది. తెల్లారేసరికి పేరు రాశాడు. మా కట్టుబాటును సాయిలు ఒక్క పొల్లు తప్పలేదు.

హైదరాబాద్ ఆయన తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. ముట్టుకోలేదు. చాలాసేపటికి, "ఇది కంపెనీలో వేసిన రంగండి. ఇన్నేళ్ళు ఎవరూ చేయి పెట్టలేదు. దీని విలువంతా అందులోనే ఉంది" అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నాకు.

సరిగ్గా అప్పుడే పటేల్ జీపు గేట్లోకి వచ్చింది. కారును చివరిసారి చూసుకుందామని భార్యతో వచ్చాడు. నేను తలుపుకు అడ్డం నిలబడదామని చూశాను. అంత పెద్ద అక్షరాలకు నేనేం అడ్డం.

పటేల్ దగ్గరికొచ్చి, వేలు గాలిలో కదుపుతూ మెల్లగా చదివాడు. సుగుణక్క ముఖం తెల్లబోయింది. "నీ చేతులిరగ సాయిలూ, ఏం రాసినవ్‌రా గిది" అంది.

సాయిలు చేతిలోని కుంచె కింద పడింది. "పటేలా... అచ్చు గట్లనే ఉంటది. మన దగ్గర బతికున్నోళ్ళ పేరు మీద ఎవ్వలు ఇయ్యలే గద..."

పటేల్ వాడి వైపు తిరిగాడు. "నేనెప్పుడు పోయిన్నే? నాకెవ్వలు చెప్పనే లేదు గద."

అప్పుడు పటేల్ నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత పొట్ట పట్టుకుని. జీపు బానెట్ మీద వాలి మరీ నవ్వాడు. జబ్బు పడ్డాక ఆ మనిషి అట్లా నవ్వింది లేదని సుగుణక్క తర్వాత చెప్పింది. ఆమె కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. హైదరాబాద్ ఆయన కూడా తల దించుకుని నవ్వు దాచుకున్నాడు. సాయిలు ఒక్కడే ఏడ్చాడు.

పటేల్ వాడి భుజం మీద చేయి వేశాడు. "అక్షరాలైతే మంచిగ కుదిరినయ్ రా. గని ఒక్కసారి చంపినవ్, చాలు. మళ్ళ చంపకు."

ఒక్క మంచం

నవ్వుకున్నంత మాత్రాన రంగు పోదు. హైదరాబాద్ ఆయన నిజాయితీపరుడు. బేరం వదిలి పోలేదు గానీ, ధర బాగా తగ్గించాడు. తగ్గించకపోతే ఆయన నష్టపోతాడు, నేను తప్పు పట్టను. బండిని లారీ మీదికి ఎక్కించేటప్పుడు కూడా హమాలీలు అలవాటుగా గేటు దగ్గర పలకలు పరిచారు. పటేల్ కారు కప్పు మీద అరచేయి ఒకసారి ఆనించి తీసేశాడు. నాకు ఏడుపాగలేదు. ఆ అక్షరాలు తుడిపించినా ఏటవాలు వెలుతురులో ఇప్పటికీ "కీ" కనిపిస్తుందని హైదరాబాద్ ఆయన ఈ మధ్య ఫోన్లో చెప్పాడు. మళ్ళీ రంగు వేయించబుద్ధి కాలేదట.

చైర్మన్ గారు సాయిలును గేటు తొక్కనివ్వొద్దన్నారు. పటేలే అడ్డుపడ్డాడు. "గా రూలు మీరు పెట్టిందే గద సాబ్. వాన్ని తీసేస్తే మిమ్ముల గూడ తీసేయాలె" అన్నాడు నవ్వుతూనే. చైర్మన్ గారు ఆ మాట మనసులో పెట్టుకోలేదు. అందుకు ఆయనకు దండం పెట్టాలి.

వచ్చిన దాంతో ప్లాంటు, ఒక మిషను, ఒక మంచం వచ్చాయి. గది తయారైన రోజు పటేల్ వచ్చి మంచం మీద కూర్చుని, దిండు ఒత్తి చూసి లేచాడు.

"మొదటి టర్ను మీదే పటేలా" అన్నాను.

"నాకు జీపున్నది రాజేశం. నేను నిజామాబాద్ పోత. గిది బస్సోళ్ళకు."

బతిమాలాను. సుగుణక్క కూడా బతిమాలింది. వినలేదు. తన కారు ఇచ్చి తెచ్చిన మంచం మీద ఆయన ఒక్కనాడూ పడుకోలేదు. మర్నాడు పొద్దున గంగామణి వచ్చి పడుకుంది. మధ్యాహ్నానికి ఇంటికి పోయి బీడీలు చుట్టుకుంది. ఆ తర్వాత ఒక్క దఫా ఎగ్గొట్టలేదు. నేను చేసిన ఉద్యోగంలో నాకు బాగా నిద్ర పట్టిన రాత్రి ఏదంటే, అదే.

రెండో మంచం రావడానికి చాలా కాలం పట్టింది. కోతలప్పుడు వడ్లు, గంగామణి వాడకట్టులో బీడీలు చుట్టే ఆడవాళ్ళు కూడబెట్టిన చందాలు, అట్లా వచ్చింది. అది వచ్చేలోపే పటేల్ పోయాడు. సుగుణక్క ఆ గదికి ఒక ఫ్యాన్ ఇచ్చింది.

సాయిలు అచ్చు తేలేదు. రెక్క మీద చేత్తోనే రాశాడు: "విఠల్ పటేల్." అంతే. చైర్మన్ గారు తలెత్తి చూసి, "ముందర కీ.శే. ఏదయ్యా?" అన్నారు. సాయిలు కుంచె తుడుచుకుంటూ, "మళ్ళ చంపకు అన్నడు గద సార్" అన్నాడు.

నేను రిటైరయ్యే ముందు వారం ఆ గదిలోకి వెళ్ళాను. రెండు మంచాల మీదా మనుషులున్నారు. ఒకటి గంగామణి, రెండోది మహమ్మద్ నగర్ నుంచి కొత్తగా వస్తున్న ఒక అవ్వ మనవరాలు. అవ్వ పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. కరెంటు పోయింది. మిషన్లు జనరేటరు మీద నడుస్తూనే ఉన్నాయి. ఫ్యాన్ మెల్లగా ఆగింది. మనవరాలు పైకి చూసి పేరు చదివింది.

"గీ విఠల్ పటేల్ ఎవరు బిడ్డా? ఏ టైముకొస్తడు? వస్తే ఒక్క దండం పెట్టుకుంట" అంది అవ్వ, గంగామణి వైపు తిరిగి.

గంగామణి ఆగిన ఫ్యాన్ వైపు చూసింది.

"ఆయన గిక్కడికి రాడవ్వా" అంది. "నిజామాబాద్ పోతడు. గీ మంచం మనకు విడిచిపెట్టిండు."

కరెంటు వచ్చింది. ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టింది.